ముప్పై ఒక్క రోజుల కట్ట: అనంతపురం పాతూరులో ఒక పాత పత్రికల అంగడి

అనంతపురం పాతూరులో పచారీ అంగళ్ల వరుస దాటి లోపలి సందులోకి తిరిగితే, రేకుల కప్పు కింద రెండు గదుల్లో నడిచే పాత పత్రికల అంగడి ఒకటి ఉంది. పేరు రాయవద్దని యజమాని కోరినందున రాయడం లేదు. పాత కాగితాలను తూకానికి కొని తూకానికే అమ్మే అంగళ్లు మన ఊళ్లో చాలానే ఉన్నాయి కానీ, ఇది ఆ కోవలోది కాదు. ఇక్కడ దినపత్రికలను నెలల వారీగా పేర్చి, అట్టవేసి కుట్టించిన కట్టలు ఉంటాయి. రోజుకు నూరు రూపాయలు తీసుకుని అక్కడే కూర్చుని చదువుకోనిస్తారు, అడిగిన పుటలకు పెద్ద కాగితం మీద జెరాక్సు తీయించి ఇస్తారు. గత నెలలో మూడు రోజుల పాటు నేను అక్కడ కూర్చుని 1984 ఆగస్టు, సెప్టెంబరు నెలల కట్టను మొదటి కాగితం నుంచి చివరి కాగితం దాకా చదివాను. ఆ మూడు రోజులకూ నేను చెల్లించిన మూడు వందల రూపాయలకు దొరికినంత విలువ ఈ మధ్య కాలంలో నాకు మరే సేవలోనూ దొరకలేదు. అయితే ఆ అంగడిలో సరిదిద్దుకోవలసిన లోపాలు కూడా ఉన్నాయి, వాటిలో ఒకటి చాలా బాధ కలిగించేది.

నేను ఆ కట్ట కోసమే ఎందుకు వెళ్లానో చెప్పాలి. ముప్పై ఏళ్లకు పైగా పౌరశాస్త్రం బోధించి ఉద్యోగ విరమణ చేసినవాణ్ణి. గవర్నరు అధికారాల పాఠం వచ్చినప్పుడల్లా 1984 ఆగస్టు సంక్షోభాన్ని పిల్లలకు ఉదాహరణగా చెప్పేవాణ్ణి. ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు అమెరికాలో గుండె శస్త్రచికిత్స చేయించుకుని తిరిగి రావడం, ఆయన మంత్రివర్గంలోని ఆర్థిక మంత్రి నాదెండ్ల భాస్కరరావు తిరుగుబాటు చేయడం, గవర్నరు రాంలాల్ ఒక ముఖ్యమంత్రిని బర్తరఫ్ చేసి మరొకరితో ప్రమాణం చేయించడం, సరిగ్గా నెల తిరిగేసరికి రామారావు మళ్లీ ఆ కుర్చీలో కూర్చోవడం: తరగతిలో ఇది పది నిమిషాల కథ. తుపాకీ పేలకుండా, సైన్యం కదలకుండా, రాజ్‌భవన్‌లో ఒక సంతకంతో జరిగిన అధికార హరణం అది. ఈ దేశంలో అలాంటివి చాలా నెగ్గాయి, ఇది ఓడిపోయింది. ఎందుకు ఓడిపోయిందని ఒక విద్యార్థిని నన్ను అడిగినప్పుడు ‘ప్రజలు తిరగబడ్డారు కనుక’ అని జవాబు చెప్పి ముగించాను. ఆ జవాబు చాలదని అప్పుడే తోచింది కానీ, సరైన జవాబు ఎక్కడ వెతకాలో తెలియలేదు.

అంగడి లోపలికి అడుగుపెట్టగానే కలరా ఉండల వాసన ముక్కుకు తగులుతుంది. గోడ వెంబడి ఇనుప అరల మీద కట్టలు నిలువుగా కాక పడుకోబెట్టి ఉంటాయి, అలా పెడితేనే కుట్టు తెగదని యజమాని చెప్పారు. ప్రతి కట్ట వెన్ను మీదా తెల్ల కాగితం అంటించి నెల, సంవత్సరం నల్ల సిరాతో రాసి ఉంచారు. నేను అడిగిన కట్టను ఆయన రెండు చేతులతో, చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు దించి బల్ల మీద పరిచి, ‘సార్, కాగితం పెళుసు బారింది. మూల పట్టుకోని తిప్పొద్దండి, అరచెయ్యి కింద పెట్టి తిప్పండి’ అని తానే ఒక పుట తిప్పి చూపించారు. ఫోటోలు తీసుకోనిస్తారా అని అడిగితే, ఫోనుతో తీసుకోవచ్చు గానీ ఫ్లాష్ వేయకూడదని చెప్పారు. పాత కాగితం మీద ఇంత శ్రద్ధ ఉన్న మనిషిని నేను పెద్ద పెద్ద గ్రంథాలయాల్లో కూడా అరుదుగా చూశాను.

కట్టలో ఆగస్టు 15 నాటి పత్రికలో, ముందు రోజు రామారావు హైదరాబాదుకు తిరిగి వచ్చిన వార్త ఉంది. పుట తిప్పితే ఆగస్టు 17. మధ్యలో 16వ తేదీ సంచిక లేదు. స్వాతంత్య్ర దినోత్సవం నాడు పత్రికా కార్యాలయాలకు సెలవు కనుక మరునాడు పత్రిక రాదు. ఒక పుటలో చికిత్స ముగించుకుని ఇల్లు చేరిన ముఖ్యమంత్రి, దాని వెనక పుటలోనే పదవి పోయిన మనిషి. 16న, గురువారం జరిగిందంతా జిల్లాల్లో చాలామందికి శుక్రవారం ఉదయం గానీ అచ్చులో అందలేదు. అప్పుడు నేను అనంతపురంలో చదువుకుంటున్నాను. ఆకాశవాణి ప్రాంతీయ వార్తల వేళకు హోటళ్ల ముందు జనం గుమిగూడి నిలబడడం, వార్తలు అయిపోయిన తరువాత కూడా ఎవరూ కదలకపోవడం నాకు బాగా గుర్తుంది. ఆ నిశ్శబ్దానికి కారణం ఏమిటో ఆ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు అర్థమైంది.

తనకు మెజారిటీ ఉందని, రెండు మూడు రోజుల్లో శాసనసభలోనే నిరూపించుకుంటానని రామారావు చెప్పినా గవర్నరు వినలేదు. కాంగ్రెస్ మద్దతుతో తనకే బలముందన్న భాస్కరరావు మాటను నమ్మి ఆయనతో ప్రమాణం చేయించారు, సభలో బలం చూపుకోవడానికి ముప్పై రోజుల గడువు కూడా ఇచ్చారు. రాజ్యాంగంలోని 164వ అధికరణం ముఖ్యమంత్రిని నియమించే అధికారాన్ని గవర్నరుకు ఇచ్చింది నిజమే కానీ, ఆ అధికారం సభలోని లెక్కకు లోబడి ఉండాలన్న మర్యాదను ఆ రోజు పక్కన పెట్టేశారు. రెండు నిమిషాల్లో సభలో తేలవలసిన లెక్కకు ఒక పక్షానికి రెండు రోజులు కూడా ఇవ్వకుండా, ఎదుటి పక్షానికి నెల రోజులు ఎందుకిచ్చారన్నదే ఈ మొత్తం వ్యవహారంలో అసలు ప్రశ్న. ఆ ముప్పై రోజులూ ఎమ్మెల్యేలను లాగడానికి ఇచ్చిన గడువేనని అప్పుడు జనం అనుకున్నారు. నా అభిప్రాయం కూడా అదే.

ఇదే అరలో 1984 జులై కట్ట కూడా ఉంది, వీలైతే ముందు దాన్ని చూడమని చదివేవారికి నా సలహా. ఆ జులై 2న జమ్మూ కాశ్మీరులో ఫరూక్ అబ్దుల్లా ప్రభుత్వాన్ని గవర్నరు జగ్మోహన్ బర్తరఫ్ చేసి జి.ఎం. షాను ముఖ్యమంత్రిని చేశారు. అక్కడ అది నిలిచింది. ఆరు వారాల తరువాత అదే పద్ధతి హైదరాబాదులో నిలవలేదు. రెండు కట్టలనూ వరుసగా చదివితే ఈ తేడా ఎక్కడ మొదలైందో మనకే కనబడుతుంది.

నేను పాఠాల్లో తప్పు చెప్పిన విషయం ఒకటి ఇక్కడ బయటపడింది. రాంలాల్‌ను తప్పించడంతో సంక్షోభం ముగిసిందని నేను ఇన్నాళ్లూ చెబుతూ వచ్చాను. అది నిజం కాదు. రామారావు నూట అరవై మందికి పైగా శాసనసభ్యులను వెంటబెట్టుకుని రైలులో ఢిల్లీ వెళ్లి, ఆగస్టు 21న రాష్ట్రపతి జ్ఞానీ జైల్ సింగ్ ముందు నిలబెట్టారు. శస్త్రచికిత్స జరిగి ఎన్నాళ్లో కాలేదు కనుక ఆయన చక్రాల కుర్చీలో ఉన్నారు. మూడు రోజులకు రాంలాల్ రాజీనామా చేశారు. 29న శంకర్ దయాళ్ శర్మ కొత్త గవర్నరుగా వచ్చారు. అంటే గవర్నరు మారిపోయిన తరువాత కూడా భాస్కరరావు ముఖ్యమంత్రిగా ఇంకా పద్దెనిమిది రోజులు ఉన్నారు. ఆ పద్దెనిమిది రోజులను నేను నా పాఠంలోంచి పూర్తిగా జారవిడిచాను. నా విద్యార్థుల్లో ఎవరైనా దీన్ని చదివితే ఆ సవరణను ఇప్పుడు గ్రహించగలరు.

నిజానికి ఈ కట్టలో అన్నిటికన్నా విలువైన భాగం ఆ రోజులదే. పెద్ద శీర్షికలు తగ్గిపోతాయి. ఢిల్లీ వార్తలు లోపలి పుటలకు జారిపోతాయి. రామకృష్ణ హెగ్డే ప్రభుత్వం ఉన్న కర్ణాటకలో, నంది కొండల్లోనూ మైసూరులోనూ, రామారావు పక్షం ఎమ్మెల్యేలను ఎదుటివాళ్లు లాగకుండా ఉంచిన విడిది సాగింది. నంది కొండలు మన హిందూపురానికి ఎంత దగ్గరో సీమ వాళ్లకు చెప్పనక్కరలేదు. రాష్ట్ర రాజధాని ఒక దిక్కున ఉంటే రాష్ట్ర భవిష్యత్తు అప్పటి మన జిల్లా సరిహద్దు అవతల, మనం సెలవు రోజుల్లో పిల్లలతో వెళ్లే కొండ మీద కూర్చుని ఉంది. వామపక్షాలు, భారతీయ జనతా పార్టీ, జనతా పార్టీ ఒకే వేదిక మీదికి వచ్చి ప్రజాస్వామ్య పునరుద్ధరణ కోసం సభలు పెట్టాయి, బందులు చేశాయి. జిల్లా అనుబంధాలు అప్పటికింకా లేవు కనుక మన ఊళ్ల వార్తలు లోపలి పుటల్లో, సెనక్కాయల ధరల పక్కన, సినిమా ప్రకటనల కింద, రెండేసి మూడేసి వాక్యాల ముక్కలుగా కనిపిస్తాయి. వాటిని వెతుక్కుంటూ చదవడానికే నాకు ఒక రోజంతా పట్టింది.

ఆ వెతుకులాటలోనే పెన్సిలు అంకెలు నా కంట పడ్డాయి. ఈ కట్ట ఎవరో ఒక చందాదారు ఇంటి నుంచి వచ్చింది. ఆ మనిషి ఎవరో యజమానికి కూడా తెలియదు. ఆగస్టు 17 నుంచి ప్రతి మొదటి పుట కుడి పైమూలన, తేదీ పక్కన, ఆయనో ఆవిడో పెన్సిలుతో ఒక అంకె వేసి కింద చిన్న గీత గీశారు. మొదట అది ఇంటి పద్దు అనుకున్నాను. నాలుగైదు పుటలు తిప్పాక, ఆ రోజు పత్రికలో రామారావు వెంట ఉన్నట్టు చెప్పిన శాసనసభ్యుల సంఖ్య అదని అర్థమైంది. 294 మంది ఎన్నికైన సభలో 148 ఉంటే చాలు. ఆ మూలన అంకె ఏ రోజూ 148 కిందికి దిగలేదు. కొన్ని రోజుల్లో పెన్సిలును గట్టిగా ఒత్తి రాశారు, కాగితం వెనక్కి తిప్పి వేలితో తడిమితే ఆ ఒత్తుడు తెలుస్తుంది. వార్త లేని రోజున అంకెకు బదులు ఒక చుక్క మాత్రం పెట్టారు. ఈ జిల్లాలో ఎక్కడో ఒక ఇంట్లో, పొద్దున్నే కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని, తాను ఓటు వేసి ఎన్నుకున్న ప్రభుత్వం ఈ పూటకు బతికి ఉందో లేదో లెక్క చూసుకున్న మనిషి చేతిరాత అది. ఆ విద్యార్థిని ప్రశ్నకు జవాబు నాకు అక్కడ దొరికింది. వీధుల్లోకి వచ్చిన జనం ఎంత ముఖ్యమో, నూట నలభై ఎనిమిది అన్న గీత దిగకుండా ముప్పై ఒక్క రోజులు ప్రతి ఉదయమూ నిలబడిన ఆ లెక్క కూడా అంతే ముఖ్యం. ఒక్క రోజు అది కూలి ఉంటే ఎన్ని బందులు చేసినా ప్రభుత్వం తిరిగి వచ్చేది కాదు.

ఇక లోపాలు. రెండో గదిలో ఒకే ఒక్క ట్యూబ్‌లైటు ఉంది, మధ్యాహ్నం మూడు దాటితే చిన్న అక్షరాలు చదవడం కష్టం. వీపు ఆనించే కుర్చీ లేదు, స్టూలు మీద ఆరు గంటలు కూర్చోవడం వయసు మళ్లిన వాళ్లకు సాధ్యం కాదు. కట్టలను లోపలికి చాలా లోతుగా కుట్టించడం వల్ల ఎడమ వైపు కాలమ్‌లో మొదటి రెండు మూడు అక్షరాలు కుట్టులోకి పోయాయి, జెరాక్సులో ఆ భాగం నల్లగా పడుతుంది. జెరాక్సు పుటకు ఇరవై రూపాయలు తీసుకుంటున్నప్పుడు ఆ పని చక్కగా ఉండాలి. నేను తీయించిన పదకొండు పుటల్లో నాలుగు చదవడానికి పనికి రాలేదు. చెప్పగానే యజమాని కుమారుడు రెండింటిని మళ్లీ తీయించి ఇచ్చాడు, మిగతా రెండింటి డబ్బు వాపసు చేశాడు. ఏ వార్త ఏ కట్టలో ఉందో తెలిపే పట్టిక లేకపోవడం పరిశోధన చేసే పిల్లలకు పెద్ద ఇబ్బంది. నెల, సంవత్సరం తెలిసి వెళ్లకపోతే అక్కడ రోజంతా వృథా అవుతుంది.

అన్నిటికీ మించిన లోపం మొదటి పుటలను విడిగా అమ్మడం. పేరున్న రోజుల పత్రికలను కొనుక్కుని, చట్రం కట్టించి, గోడకు తగిలించుకునే వాళ్లు ఎక్కువయ్యారు. అలాంటి వాళ్ల కోసం కొన్ని కట్టల్లోంచి పుటలను బ్లేడుతో కోసి ఇచ్చిన ఆనవాళ్లు నాకు ఐదారు చోట్ల కనిపించాయి. ఇదేమిటన్నా అని అడిగాను. ఆయన తల దించుకుని, ‘అద్దె కట్టలేని నెలలుంటాయి సార్. ఒక్క కాయితానికి ఐదు వందలిస్తామంటే కాదనలేకపోయినా. ఇప్పుడు ఇడిసిపెట్టినా, ఇంక కొయ్యను. ఈ కట్టనైతే అసలు ఇడగొట్టను, కావాలంటే ఈడే కూచోని చదువుకోండి’ అన్నారు. ఆయన ఇబ్బంది నాకు అర్థమవుతుంది. కానీ ముందు, వెనక రోజులు లేకుండా గోడ మీద వేలాడే ఒక్క పుటలో గెలిచిన మనిషి బొమ్మ మాత్రమే ఉంటుంది. గెలుస్తారో లేదో తెలియని ముప్పై ఉదయాలు అందులో ఉండవు. జిల్లాలోని కళాశాలలు, పాఠకుల సంఘాలు ఆ అంగడికి నెలకు కొంత చందా కట్టి, తమ విద్యార్థులను బృందాలుగా పంపితే ఆయనకు కాగితాలు కోసే అవసరం రాదు. ఆ విషయం నేను ఇద్దరు ముగ్గురు అధ్యాపకులతో మాట్లాడాను, ఇంకా మాట్లాడతాను.

సంక్షోభం తరువాతి పరిణామాల కోసం ఒక కట్టతో ఆగకూడదు. అక్టోబరు 31న ఇందిరా గాంధీ హత్య, డిసెంబరు లోక్‌సభ ఎన్నికల్లో కాంగ్రెస్ నాలుగు వందలకు పైగా స్థానాలు గెలిచినా ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం తెలుగుదేశం 30 స్థానాలు గెలిచి లోక్‌సభలో పెద్ద ప్రతిపక్షం కావడం, 1985 మార్చి శాసనసభ ఎన్నికల్లో 294లో 202 స్థానాలు రావడం వరుసగా చదవాలి. మార్చి కట్ట మన సీమ వాళ్లకు ముఖ్యం. రామారావు ఆ ఎన్నికల్లో గుడివాడ, నల్లగొండ, హిందూపురం మూడు చోట్లా గెలిచి, మిగతా రెండూ వదులుకుని హిందూపురాన్నే ఉంచుకున్నారు. తన ఎమ్మెల్యేలను కాపాడిన కొండకు దగ్గరి ఊరే ఆ తరువాత చివరి దాకా ఆయన నియోజకవర్గమైంది. ఆయన ఆ కారణంతో ఎంచుకున్నారని నేను అనడం లేదు, కానీ ఆ రెండు కట్టలనూ ఒకే బల్ల మీద చూసినప్పుడు ఆ దగ్గరితనం మనసులో నిలిచిపోతుంది.

అదే ఏడాది ఫిరాయింపుల నిరోధక చట్టం 52వ రాజ్యాంగ సవరణగా వచ్చింది. మూడో వంతు సభ్యులు కలిసి చీలితే వేటు పడకుండా అందులో ఒక వెసులుబాటు ఉంచారు, దాన్ని తొలగించడానికి 2003 దాకా, 91వ సవరణ దాకా ఆగవలసి వచ్చింది. బలాబలాలు తేలవలసింది రాజ్‌భవన్‌లో కాదు, సభలోనేనని 1994 మార్చి 11న, కర్ణాటక మాజీ ముఖ్యమంత్రి ఎస్.ఆర్. బొమ్మై కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1984లో రామారావు అడిగింది సరిగ్గా అదే. మరోవైపు, ఆ సంక్షోభంలో రక్షణ కోసం పెట్టిన విడిది ఆ తరువాత అందరికీ ఆయుధమైంది. 1995 ఆగస్టులో రామారావు సొంత పార్టీలోనే మళ్లీ అలాంటి విడిది వెలసింది, ఆ సారి కుర్చీ ఆయనకు తిరిగి రాలేదు. ఆ కట్ట కూడా ఆ అంగడిలో ఉంది, దాన్ని చదవడానికి నాకు ఇంకొంత ధైర్యం కావాలి. ఓడిన పక్షం కథ కూడా ఆ నెలతో ముగియలేదు. తెలుగుదేశం పుట్టుకలో తనకూ సమాన భాగం ఉందని భాస్కరరావు ఆ తరువాత కూడా చెబుతూ వచ్చారు, 1998లో కాంగ్రెస్ తరఫున ఖమ్మం నుంచి లోక్‌సభకు వెళ్లారు. తండ్రి బలం నిరూపించుకోలేకపోయిన శాసనసభకే కుమారుడు మనోహర్ 2011లో స్పీకర్ అయ్యారు.

వెళ్లాలనుకునే వారికి నాలుగు మాటలు. పొద్దున తొమ్మిదిన్నరకు తెరుస్తారు, శుక్రవారం సెలవు. ముందు రోజు చెబితే కట్ట దించి, దుమ్ము దులిపి ఉంచుతారు. మంచినీళ్లు, మెత్తని గుడ్డ, భూతద్దం వెంట తీసుకెళ్లండి. తుమ్ములు వచ్చేవాళ్లు ముక్కుకు గుడ్డ కట్టుకోండి. సిరా కలం బల్ల మీద పెట్టనివ్వరు, పెన్సిలుతోనే రాసుకోవాలి. వార్తలు తెలిసినవే కదా అని తేదీలు దాటేయకుండా, ఏమీ జరగనట్టు తోచే రోజులను కూడా చదవండి.

మూడో రోజు సాయంత్రం నేను సెప్టెంబరు 11 దాటాను. ఆ రోజు సభ కూడింది కానీ బలనిరూపణ జరగలేదు. హైదరాబాదులో మతకలహాలు, కర్ఫ్యూ. రాష్ట్రం మొత్తం సభ వైపు చూస్తుంటే సభ ముందుకు సాగడం లేదు. 16వ తేదీ, ఆదివారం నాటి పత్రిక వచ్చింది. ఇచ్చిన ముప్పై రోజుల గడువు నిండిపోయింది, ఏం జరుగుతుందో ఆ పత్రికలో లేదు. మూలన అంకె మాత్రం ఉంది, గట్టిగా ఒత్తి రాసింది. అరచెయ్యి కింద పెట్టి పుట తిప్పాను. 17వ తేదీ మొదటి పుట లేదు. రామారావు మళ్లీ ప్రమాణం చేసిన మరునాటి కాగితం అది. కుట్టు పక్కన వేలెడంత వెడల్పు పట్టీ మాత్రం మిగిలింది, దాని మీద ఒక పెద్ద శీర్షిక తాలూకు మొదటి అక్షరం సగం ఉంది. ‘ఇది నేను కోసింది కాదు సార్, ఇట్లే వచ్చింది’ అన్నారు యజమాని.

18వ తేదీ కాగితం కుడి పైమూలన అంకె లేదు. 19న లేదు. రామారావు 20న విశ్వాస తీర్మానం నెగ్గిన వార్త ఉన్న 21వ తేదీ కాగితాన్ని కిటికీ దగ్గరికి జరిపి, వెలుతురులో ఆ మూలను చాలాసేపు చూశాను. అక్కడ కూడా పెన్సిలు గీత లేదు.